బాగుచేసిన ఫోటోలో ఉన్నదెవరు?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఫోటోగ్రఫీలో కొత్త పోకడలు" అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. ఏ ఫోను కొనాలి, ఏ కెమెరా మంచిది అన్నది మన మనవలు మనకంటే బాగా చెబుతారు. కనుక ఆ జోలికి పోను. నేను 1973లో ఇరిగేషన్ శాఖ ఫోటో విభాగంలో చేరి 2004లో రిటైరయ్యాను. ఫోటో తీసిన తరువాత దానికి ఏం చేస్తారు అన్నదే నాకు తెలిసిన విద్య. ఆ విద్యలో వచ్చిన మార్పు మన ఇళ్లలోని పాత ఫోటోల మీదికి వచ్చింది. అందుకే ఇక్కడ నిలబడ్డాను.

కాలువ పనుల ప్రగతి ఫోటోలు తీయడం మా పని. ప్రింటు వెనుక తేదీ, చైనేజీ, సైటు ఇంజనీరు గారి సంతకం ఉండేవి. నెగెటివు నెంబరు రిజిస్టరుకు ఎక్కేది. బిల్లు మీద తగాదా వస్తే ఎం-బుక్కుతో పాటు మా రిజిస్టరు కూడా బయటికి వచ్చేది. ప్రింటు మీద అనుమానం ఉన్నవారికి నెగెటివు చూపించేవాళ్లం. అంతటితో మాట ఆగిపోయేది.

అలాగని ఆ రోజుల్లో ఫోటోలకు మెరుగులు దిద్దలేదా అంటే, భేషుగ్గా దిద్దారు. డార్క్‌రూములో ఎన్‌లార్జరు కింద అరచెయ్యి అడ్డుపెట్టి నల్లబడే ముఖాన్ని తేల్చేవాళ్లం, తెల్లగా పోయే ఆకాశానికి ఇంకొన్ని సెకన్లు వెలుగు ఇచ్చేవాళ్లం. స్టూడియోల వారు సన్నటి పెన్సిలుతో నెగెటివు మీదే మొటిమలు మాయం చేసేవారు. పెళ్లిచూపులకు పంపిన ఫోటోలో అమ్మాయి రంగు ఎంత పెరిగేదో ఈ సభలో చాలామందికి అనుభవమే! ఇంగ్లండులో రేలాండర్ అనే ఆయన 1857లోనే ముప్పైకి పైగా నెగెటివులు కలిపి ఒకే చిత్రంగా అచ్చువేశాడు. కాబట్టి కల్పన కొత్తది కాదు. కానీ చెయ్యి చేసే పనికి ఒక హద్దు ఉండేది. దిద్దుబాటు ఎక్కువైతే కంటికి దొరికిపోయేది. ముఖ్యంగా, నెగెటివు మిగిలి ఉండేది.

నెగెటివు విలువ ఎంతంటే, సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గారి ఆస్థాన ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1905లో కాలం చేశారు. ఆయన గాజు పలకల నెగెటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో నేటికీ ఉన్నాయి. ఆనాటి హైదరాబాదును దీన్‌దయాళ్ కన్ను చూసినట్టే మనమూ చూడగలుగుతున్నాము.

ఇక కంప్యూటరు సంగతి. కోడాక్ కంపెనీలో స్టీవ్ శాసన్ అనే ఇంజనీరు 1975లో ఫిల్ము లేని కెమెరా తయారుచేశాడు. ఒక్క బొమ్మ క్యాసెట్టు టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట. 1990లో ఫోటోషాప్ వచ్చింది. డార్క్‌రూములో చేసే పనులన్నీ బల్ల మీదికి వచ్చాయి. అప్పటికీ చేసేది మనిషే. ఎక్కడ ఏం దిద్దుతున్నాడో అతనికి తెలుసు.

ఇప్పటి ఫోనులో ఆ మనిషి లేడు. మీరు ఒక్కసారి నొక్కితే అది వరుసగా చాలా బొమ్మలు తీసి, వాటిలో బాగున్న భాగాలను కలిపి ఒకటి మీ చేతికి ఇస్తుంది. దీపావళి రాత్రి వాకిట్లో ప్రమిదల వెలుగులో తీసినా పిల్లల ముఖాలు కనబడుతున్నాయంటే కారణం ఇదే. దీన్ని నేను తప్పుపట్టను. ఆ వెలుగంతా ఆ వాకిట్లోదే కదా. గ్రూపు ఫోటోలో ఒక్కొక్కరి ముఖాన్ని ఒక్కొక్క బొమ్మలోంచి ఏరి కూర్చే ఫోన్లు 2023లో వచ్చాయి. మన సంఘం గ్రూపు ఫోటోలో ఏటా కళ్లు మూసుకునే మిత్రుడికి ఇది శుభవార్త. అయితే అందరూ ఒకేసారి నవ్విన ఆ క్షణం ఎన్నడూ జరగలేదన్న మాట.

ఇంకో మెట్టు ఉంది. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి బొమ్మను కావాలని మసకగా చేసి, కంప్యూటరు తెర మీద పెట్టి, గది చీకటి చేసి, దూరం నుంచి శాంసంగ్ ఫోనుతో ఫోటో తీశాడు. తెర మీద లేని గుంటలు ఫోటోలోకి వచ్చాయి! ఫోను చంద్రుణ్ణి గుర్తుపట్టి, తాను నేర్చుకున్నదాన్ని జోడించింది. చంద్రుడు అందరికీ ఒక్కడే గనుక పెద్దగా నష్టం లేదు. మా అమ్మ మాత్రం అందరికీ ఒకతే కాదు.

మా అమ్మకు చిన్నతనంలో అమ్మవారు పోసింది. బతికి బయటపడినా బుగ్గల మీద, నుదుటి మీద మచ్చలు ఉండిపోయాయి. ఆవిడవి రెండే ఫోటోలు మిగిలాయి. ఒకటి చెమ్మకు చెడి, ఓ పక్క పొర లేచిపోయింది. మా వదినగారు అమ్మ సంవత్సరీకానికి పెద్దది చేయించాలని దాన్ని ఒక దుకాణంలో ఇచ్చారు. వారు కొత్త పద్ధతిలో పావుగంటలో బాగుచేసి, రంగులు కూడా వేసి ఇచ్చారు. చూడ్డానికి లక్షణంగా ఉంది. చీర మెరుస్తోంది, కళ్లు మెరుస్తున్నాయి. మచ్చలు మాత్రం లేవు. చెమ్మ మరకలతో పాటు యంత్రం వాటినీ తుడిచేసింది. ముక్కు కూడా కొద్దిగా సన్నబడింది. మా మనవరాళ్లు "ముత్తమ్మ ఎంత బాగుందో" అన్నారు. మా అన్నయ్య చాలాసేపు చూసి, "ఈవిడెవరురా?" అన్నాడు.

దుకాణం అబ్బాయిని నేను నిందించను. యంత్రం పని తీరే అంత. అది లెక్కలేనన్ని ముఖాలను చూసి, ముఖం అంటే ఇలా ఉంటుంది అని నేర్చుకుంటుంది. ఫోటోలో పోయిన చోట ఆ నేర్చిన ముఖాల్లోంచి పోలికైనది తెచ్చి అతుకుతుంది. మన దేశంలో మశూచికం 1975తో ఆగిపోయింది. ఇప్పటి ఫోటోల్లో ఆ మచ్చలు మచ్చుకైనా కనబడవు. యంత్రానికి అవి ఫోటోకు పట్టిన తెగులే. ఇటువంటిదే 2020లో ప్రపంచమంతా చూసింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారి పద్ధతికి ఒబామా గారి మసక ఫోటో ఇస్తే, స్పష్టమైన తెల్లజాతి మనిషి ముఖం వచ్చింది. మసకను తొలగించడం అంటే లోపల దాగినదాన్ని బయటికి తీయడం కాదని, లేనిదాన్ని ఊహించి పెట్టడమని దానితో తేలిపోయింది.

కనుక నా మనవి ఇది. పాత ఫోటో దేన్నయినా బాగుచేయించే ముందు, ఉన్నది ఉన్నట్టుగా స్కాను చేయించి దాచండి. చిన్న ఫోటో అయితే 600 డీపీఐకి తగ్గవద్దని చెప్పండి. ఆ ఫైలును ఎవరూ ముట్టకూడదు. అదే మన నెగెటివు. బాగుచేసిన దానికి వేరే పేరు పెట్టి, "మెరుగు దిద్దినది" అని ఫలానా సంవత్సరంతో సహా రాయండి. దుకాణం వారితో "మరకలు, చిరుగులు సరిచేయండి, ముఖం ముట్టవద్దు" అని స్పష్టంగా చెప్పండి. అలా చేసేవారు ఉన్నారు, కాస్త ఎక్కువ తీసుకుంటారు.

ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫోటోను దయచేసి పీకవద్దు, పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతోనే స్కాను చేయించండి. జిగురు పేజీల ఆల్బముల్లోంచి ఫోటోలు తీసేయడం మంచిది. తేలిగ్గా రాకపోతే పేజీతో సహా ఉంచండి. 1970, 80లలోని కలరు ప్రింట్లు ఎర్రబడుతున్నాయి గదా, వాటిది రంగు అద్దకం గనుక వెలిసిపోతుంది. నలుపు తెలుపు ఫోటోలో ఉన్నది వెండి. హైపో పోయేలా శుభ్రంగా కడిగినదయితే మనకంటే ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి ముందు కలరువే స్కాను చేయించండి. ఫోటో వెనుక పేర్లు రాసేటప్పుడు బాల్‌పెన్ను వద్దు, మెత్తటి పెన్సిలుతో ఒత్తకుండా రాయండి.

మరో ముఖ్య విషయం. పెన్షను కాగితాలకు ఇచ్చే భార్యాభర్తల జాయింటు ఫోటో తీయించేటప్పుడు ఫోనులోని "బ్యూటీ" అనేదాన్ని ఆపించండి. ముడతలు పోయిన ముఖం గోడకు బాగుంటుందేమో గానీ, రేపు ఆ ఫోటోతో పోల్చి చూసేది మన ఇంటావిడనే. 2021 నుంచి జీవన్ ప్రమాణ్ ధ్రువపత్రానికి కూడా ఫోనులో ముఖం చూపించే సదుపాయం వచ్చింది. బ్యాంకు మెట్లెక్కలేని వారికి అది పెద్ద ఉపకారం. అదే సమయంలో, ఫోనులో కనబడిన ముఖాన్ని మనమే నమ్మలేని రోజులూ వచ్చాయి. మనవడు వీడియోలో కనబడి ఏడుస్తూ డబ్బు పంపమంటే, ఫోను పెట్టేసి మీ దగ్గరున్న పాత నెంబరుకు మీరే చేయండి. మోసపోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి.

మా అన్నయ్య ఇంట్లో ఇప్పుడు రెండు ఫోటోలూ ఉన్నాయి. రంగులది హాల్లో, చెమ్మ పట్టినది ఆయన మంచం పక్కన.

భోజనాల తరువాత పక్క గదిలో నా స్కానరు పెట్టుకుని కూర్చుంటాను. ఫోటోలు తెచ్చుకున్నవారు రావచ్చు. ఒక్కొక్కరికి మూడుకు మించి చేయలేను, క్షమించాలి. వెనుక పేర్లు రాసి ఉంటే నాకు పని సులువవుతుంది. పెన్సిళ్లు నేను తెచ్చాను.