చెంబెడు నీటిలో క్షారమెంత?



తిరుమణి పేరు నేడు సౌరవిద్యుత్తుతో ముడిపడి ఉన్నది. 2018లో ప్రారంభమైన సౌరపార్కు సుమారు 13,000 ఎకరాలలో విస్తరించినది. దాని సామర్థ్యము 2,050 మెగావాట్లు. ఎండకు కరవు లేని ఈ సీమలో కరవంతా నీటికే. ఉన్న బోరు నీటిలోనూ ఫ్లోరైడ్ బాధ! పండ్లపై గారలు, బిగిసిన కీళ్ళు పావగడ తాలూకాకు కొత్తవి కావు. ఈ వ్యాధిని నెల్లూరు జిల్లాలో 1937లోనే వైద్యులు వర్ణించిరి. త్రాగునీట లీటరుకు 1 మిల్లీగ్రాము మేలు; వేరు గతి లేనప్పుడు 1.5 దాటరాదు.

ఫ్లోరైడును ఆమ్ల క్షార అంశమాపనముతో కొలువలేము. కాని నల్గొండ పద్ధతిలో దానిని తొలగించుటకు ఎంత పటిక వేయవలెనన్నది ఫ్లోరైడ్ పరిమాణముతో పాటు నీటి క్షారతపైనా ఆధారపడును. ఆ క్షారతను పాఠశాల ప్రయోగశాలలోనే తేల్చవచ్చును.

పిపెట్‌తో 50 మి.లీ. నీటిని కుప్పెలోనికి తీసి, రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేయవలెను. బ్యూరెట్‌లోని 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లమును బొట్టుబొట్టుగా విడువవలెను. పసుపు రంగు నారింజకు తిరిగిన క్షణమే ఆపవలెను. ఎర్రబడినచో హద్దు దాటినట్లే. ఖర్చయిన ఆమ్లము 20 మి.లీ. అనుకొనుడు. ఇరుప్రక్కల నార్మాలిటీ, ఘనపరిమాణముల లబ్ధము సమానము. 20ని 0.02తో గుణించి 50తో భాగింపగా 0.008. కాల్షియం కార్బొనేట్ తుల్యాంక భారమైన 50తో గుణింపగా లీటరుకు 0.4 గ్రాములు, అనగా 400 మిల్లీగ్రాములు.

చిక్కంతయు సీసాపై చీటీలో ఉన్నది! సల్ఫ్యూరిక్ ఆమ్లపు అణువు రెండు హైడ్రోజన్ అయానులనిచ్చును గనుక 0.02 మోలార్ ఆమ్లము 0.04 నార్మల్ అగును. చీటీపై ‘0.02’ అని మాత్రమే వ్రాసి, మోలారో నార్మలో చెప్పకున్న, మోలార్ ఆమ్లమును నార్మల్‌గా భావించినచో అసలు 800 ఉన్న క్షారత 400గా తేలును. పటిక చాలక ఫ్లోరైడ్ నీటిలోనే మిగులును. పిల్లలు దానినే త్రాగుదురు. పొరపాటు తలక్రిందైనచో పటిక మితిమీరి, నీరు పులిసి, అల్యూమినియం మిగులును. తగు సున్నము కలుపుట అందుకే.

వానలు కురిసిన పిదప అదే బోరు నీటి క్షారత మారవచ్చును. అప్పుడు పాత అంకె చెల్లదు. బ్యూరెట్‌ను మరల నింపవలసినదే.