పసిబిడ్డ స్నానం – గాలి టబ్బు వాడే ముందు తెలుసుకోవలసినవి

(ప్రసూతి వార్డులో తల్లులకు, వారి వెంట వచ్చిన బంధువులకు పిల్లల వార్డు సిస్టర్ ఇచ్చిన ప్రసంగం)

నాన్నలు కూడా ముందుకు వచ్చి కూర్చోండి. ఈ మాటలు మీకూ అవసరమే.

పోయిన వారం ఈ వార్డులోనే ఒక చిన్న వాదన జరిగింది. బాలింతకు వాళ్ళ అన్నయ్య గాలి ఊదే టబ్బు ఒకటి కొని తెచ్చాడు. బాతు బొమ్మలాగా పసుపుపచ్చగా, ముద్దుగా ఉంది. అత్తగారికి అది నచ్చలేదు. "మా ఇంట్లో పిల్లలందరికీ కాళ్ళ మీద వేసుకునే నీళ్ళు పోశాం. ఈ బుడగలో ఎలా పోస్తారమ్మా?" అన్నారు. "ఆపరేషన్ అయింది కదా అత్తయ్యా, నేను కింద కూర్చుని కాళ్ళు చాపలేను" అంది కోడలు. ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నారు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉందన్నాను. మిగతా సగం ఏమిటో ఈ రోజు మీ అందరికీ చెబుతాను.

మొదటి స్నానం ఎప్పుడు?

బిడ్డ పుట్టగానే స్నానం చేయించకండి. కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లి కడుపులోని వెచ్చదనం నుంచి బయటికి వచ్చిన బిడ్డ ఒళ్ళు త్వరగా చల్లబడిపోతుంది. బిడ్డ ఒంటి మీద కనిపించే తెల్లటి జిగురు మురికి కాదు. అది చర్మాన్ని కాపాడే పూత. దాన్ని రుద్ది తీయవద్దు.

బొడ్డు ఊడేవరకు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన మెత్తని గుడ్డతో ఒళ్ళు తుడిస్తే చాలు. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు డాక్టరుగారు చెప్పేదాకా నీళ్ళు పోయకండి. కాబట్టి ఆ టబ్బును ఇంటికి వెళ్ళగానే ఊదవలసిన తొందర లేదు.

ఏ టబ్బు కొనాలి?

డబ్బా మీద ఏ వయసు పిల్లలకో రాసి ఉంటుంది. ముందు అది చదవండి. బాతు ఆకారంలో ఉండే పెద్ద గాలి టబ్బులు చాలా వరకు సొంతంగా కూర్చోగలిగే పిల్లల కోసం చేసినవి. అంటే సుమారు 6 నెలలు దాటినవారికి. మెడ నిలవని పసిగుడ్డును అందులో పడుకోబెడితే మెత్తని గోడ తలకు ఆనుడు ఇవ్వదు. బిడ్డ నీళ్ళలోకి జారిపోతుంది.

కొనేటప్పుడు ఈ నాలుగు చూడండి. అడుగు భాగం మందంగా ఉండాలి. నేల మీద జారకుండా కింద గరుకుగా ఉండాలి. గాలి గదులు ఒకటి కాక రెండు మూడు ఉంటే మంచిది. ఒకదానికి చిల్లు పడినా గోడంతా ఒక్కసారిగా కూలిపోదు. నీళ్ళు వదలడానికి అడుగున బిరడా ఉండాలి. లేకపోతే నిండు టబ్బును ఎత్తి వంచవలసి వస్తుంది. పది లీటర్ల నీళ్ళంటే పది కిలోల బరువు. ఆపరేషన్ కుట్లు ఉన్న తల్లి ఎత్తగలిగే బరువు కాదది.

కొన్నింటిలో బిడ్డ కాళ్ళ మధ్యకు వచ్చేలా చిన్న దిమ్మె ఉంటుంది. కిందికి జారకుండా అది కొంత సాయపడుతుంది. కొన్నింటిలో నీళ్ళు ఎక్కువ వేడిగా ఉంటే రంగు మారే బిళ్ళ ఉంటుంది. ఉంటే ఉండనివ్వండి, కానీ దాన్ని నమ్ముకోకండి. మీ మోచేతినే నమ్మండి. ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చేది, ఎవరో వాడి అతుకు వేసి ఇచ్చినది తీసుకోవద్దు.

తెచ్చిన రోజే వాడకండి. గట్టిగా గాలి నింపి ఒక రాత్రి వదిలేయండి. తెల్లవారేసరికి మెత్తబడితే ఎక్కడో గాలి పోతున్నట్టే. అతుకుల మీద సబ్బు నీళ్ళు రాయండి. బుడగలు వచ్చిన చోటే చిల్లు ఉంది. అలాంటిది తిరిగి ఇచ్చేయండి.

ఎలా వాడాలి?

టబ్బును నేల మీదే పెట్టండి. మంచం మీద, బల్ల మీద, గట్టు మీద వద్దు. తువ్వాలు, సబ్బు, బట్టలు, పొత్తిగుడ్డలు అన్నీ ముందే చేతికందేలా పెట్టుకోండి. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, గాలి కొట్టకుండా చూసుకోండి.

ముందు చన్నీళ్ళు పోయండి. తర్వాత వేణ్ణీళ్ళు కలపండి. చేత్తో బాగా కలియబెట్టండి, లేకపోతే ఒక పక్క చల్లగా, ఒక పక్క వేడిగా ఉంటుంది. మోచేయి ముంచి చూస్తే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. అంటే సుమారు 37 డిగ్రీలు, మన ఒంటి వేడి అంత. మన అరచేతులు పనిచేసి మొద్దుబారి ఉంటాయి. అవి సరిగా చెప్పవు. నీళ్ళు నాలుగు వేళ్ళ మందం ఉంటే చాలు. వేణ్ణీళ్ళ గిన్నెను, బకెట్టును గది బయట పెట్టిన తర్వాతే బిడ్డను తీసుకురండి. బిడ్డ టబ్బులో ఉండగా వేణ్ణీళ్ళు పోయవద్దు.

నీళ్ళు కాచుకునే కరెంటు రాడ్డు టబ్బు దరిదాపుల్లో ఉండకూడదు. బకెట్టులో పెట్టిన రాడ్డును స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తర్వాతే ఆ నీటిని ముట్టుకోండి. గీజరు ఉన్నవారు దాని వేడి 49 డిగ్రీలు దాటకుండా పెట్టుకోండి. 60 డిగ్రీల నీరు పెద్దవాళ్ళ చర్మాన్నే కొద్ది క్షణాల్లో కాల్చేస్తుంది. పసిచర్మం ఇంకా పలుచన.

ఇక మన ఇళ్ళలో ముఖ్యమైన సంగతి నూనె. ఒళ్ళు మర్దన చేయడం మంచిదే. కానీ నూనె ఒంటితో బిడ్డను ప్లాస్టిక్ టబ్బులో పెడితే చేప జారినట్టు చేతిలోంచి జారిపోతుంది. ముందు గుడ్డతో నూనె అద్ది తీసేయండి. సబ్బు కూడా చివర్లో కొద్దిగా రాయండి. ఒక చెయ్యి బిడ్డ మెడ వెనక నుంచి వెళ్ళి అవతలి భుజాన్ని పట్టుకుని ఉండాలి. రెండో చేత్తోనే పని. అయిదు నుంచి పది నిమిషాల్లో ముగించండి. బిడ్డ లోపల ఉండగా టబ్బును ఎత్తకండి, లాగకండి.

తర్వాత నీళ్ళు పూర్తిగా వదిలి, పొడిగుడ్డతో మడతలన్నీ తుడిచి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టండి. తడిగా మడిచి పెడితే అతుకుల్లో నల్లటి బూజు పడుతుంది. నీళ్ళు నింపి ఆడుకోవడానికి వదిలేయడం అసలే వద్దు.

నేను కళ్ళారా చూసినది

ఏడు నెలల బాబు. గాలి టబ్బులో చక్కగా కూర్చుని నీళ్ళు కొడుతున్నాడు. అమ్మమ్మ పక్కనే ఉంది. గ్యాస్ సిలిండరు వచ్చిందని వీధిలో కేక వినపడింది. "బాబు కూర్చునే ఉన్నాడు కదా, డబ్బులిచ్చి వస్తాను" అనుకుని లేచింది. బాబు పక్కకు వంగి గోడ మీద ఆనుకున్నాడు. మెత్తని గోడ వంగిపోయింది. బాబు ఒరిగి, ముఖం నీళ్ళలో పడింది. అరుపు లేదు, కేక లేదు. ఆమె తిరిగి వచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. పక్కింట్లో ఊపిరి ఊదడం నేర్చుకున్న అమ్మాయి ఉండబట్టి బాబు బతికాడు. రెండు రోజులు మా వార్డులో ఉంచాం. ఆ రెండు రోజులూ ఆ అమ్మమ్మ అన్నం ముట్టలేదు.

ఆమె నిర్లక్ష్యం మనిషి కాదు. ఆరుగురిని పెంచిన చెయ్యి. నీళ్ళలో మునిగే బిడ్డ కేక వేస్తుందని, తనకు వినపడుతుందని అనుకుంది. అలా జరగదు. ముక్కూ నోరూ మునిగేంత నీళ్ళుంటే చాలు, పసిబిడ్డ చప్పుడు లేకుండా మునిగిపోతుంది. అందుకే ఫోను మోగనివ్వండి, తలుపు కొట్టనివ్వండి, పాలు పొంగనివ్వండి. తప్పనిసరిగా వెళ్ళవలసి వస్తే బిడ్డను తువ్వాలులో చుట్టి చంకనెత్తుకుని వెళ్ళండి. అక్కనో అన్ననో చిన్నపిల్లలను కాపలా పెట్టవద్దు.

కాళ్ళ మీద పోసేవారికి

పెద్దవాళ్ళు కాళ్ళ మీద పోయడంలో ఒక గొప్ప మేలు ఉంది. బిడ్డను విడిచి లేవడం కుదరదు! ఆ పద్ధతిని మేము తప్పుపట్టం. అయితే ముక్కు నొక్కి సాగదీయడం, ముక్కులో చెవిలో నూనె పోయడం, రొమ్ము పిండడం, పొగలు కక్కే నీళ్ళు ఎత్తి పోయడం, నలుగు గట్టిగా రుద్దడం మానండి. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. తల ఆరబెట్టడానికి పొడి తువ్వాలు చాలు.

పొరపాటున ప్రమాదం జరిగితే

వేణ్ణీళ్ళు పడితే వెంటనే తడి బట్టలు తీసి, కాలిన చోట 20 నిమిషాలు కుళాయి చన్నీళ్ళు ధారగా పోయండి. మిగతా ఒళ్ళు వెచ్చగా కప్పి ఉంచండి. చర్మానికి అంటుకున్న గుడ్డను మాత్రం పీకవద్దు. ఐసు, పసుపు, టూత్‌పేస్టు, సిరా ఏదీ రాయవద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకురండి.

నీళ్ళలో మునిగిన బిడ్డను తలకిందులుగా పట్టుకుని ఊపవద్దు, పొట్ట నొక్కవద్దు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, రొమ్ము నొక్కాలి. పక్కవాళ్ళ చేత 108కి ఫోను చేయించండి. ఈ పద్ధతి ఇంటికి వెళ్ళేలోగా మా సిస్టర్ల దగ్గర బొమ్మ మీద నేర్చుకోండి. బిడ్డ తేరుకుని మామూలుగా కనిపించినా ఒకసారి డాక్టరుకు చూపించాల్సిందే.

గుర్తుంచుకోండి

1. 24 గంటల లోపు స్నానం వద్దు. బొడ్డు ఊడేవరకు తుడవడమే.
2. కూర్చోవడం రాని బిడ్డకు బాతు టబ్బు వద్దు.
3. ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు, మోచేతి పరీక్ష, ఆ తర్వాతే బిడ్డ.
4. నీళ్ళు నాలుగు వేళ్ళ మందం.
5. ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీద.

ఆ అత్తాకోడళ్ళ తీర్పు ఏమైందంటారా? ఆరు నెలలు నిండేవరకు అత్తగారి కాళ్ళ మీద, ఆ తర్వాత కోడలు తెచ్చుకున్న టబ్బులో అని ఒప్పుకున్నారు. టబ్బులో పోసేటప్పుడు కూడా నేను పక్కనే కూర్చుంటానని అత్తగారు అన్నారు. అలా కూర్చునే మనిషి ఉన్న ఇంట్లో ఏ టబ్బయినా ఫరవాలేదు.

ఇక మీ సందేహాలు అడగండి. నాన్నలు ముందు అడగండి.