పెరటిలోని భాగస్థులు

ఫాల్గుణము గడచి చైత్రము ప్రవేశించుచున్నది. కుల్కచర్ల చుట్టుపట్ల ఎఱ్ఱనేలలలో మోదుగలు పూచి రాలుచున్నవి. వేపలు పూతకు వచ్చినవి. చల్లని దేశముల తోటపుస్తకములు వసంతమున విత్తుమనియు నాటుమనియు చెప్పును. ఆ మాట మన పెరళ్ళకు చెల్లదు. ఇచ్చట నాటుటకు అదను తొలకరి. ఈ రెండు మాసముల పని ఉన్నదానిని కాపాడుకొనుట. మొదళ్ళకు ఎండుటాకులు కప్పవలెను. ఉదయమో, ప్రొద్దుగ్రుంకిన పిదపనో నీరు పోయవలెను. ఏ మొక్కను తీయవలెనో, దేనిని ఉంచవలెనో నిర్ణయించుకొనవలెను. ఈ మూడవ పనిని గురించియే నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

గరిక పచ్చికలో మనము నాటనివి ఎన్నియో మొలచును. గడ్డిచామంతి మధ్య అమెరికానుండి వచ్చి ఇచ్చట స్థిరపడిన మొక్క. తడి తగిలిన చోట ఏడాది పొడుగునా పూచి, సీతాకోకచిలుకలకు తేనె నిచ్చును. కుప్పింటాకు వేరు వాసనకు పిల్లులు పరవశించి నేల గీరును. తుమ్మి తెల్లని పూలు శివపూజకు వినియోగపడును. రాలిన గునుగు విత్తులు మట్టిలో దాగి వానలకు మొలచి, బతుకమ్మ నాటికి పూలగును. వీనినన్నిటిని కలుపు అని పెరికివేయుదుము, కలుపుమందును చల్లుదుము. ఆ గడ్డిమీదనే మన కుక్క పొరలును, ఆ గడ్డినే కొరుకును.

కాని వాకిట గన్నేరును ముచ్చటపడి నాటుదుము. ఎఱ్ఱగన్నేరునందును పచ్చగన్నేరునందును గుండెకు హాని చేయు విషము కలదు. ఎండిన ఆకునందును అది పోదు. కొమ్మలు కత్తిరించి పెరటిలో పారవేసినచో కుక్కపిల్లకే కాక మేకకు, ఆవుకు కూడ ప్రమాదము. అందము చూచి ఉంచితిమి, పేరులేదని పెరికితిమి. మనతో కూడ తిరుగు మూగజీవములను తలచుకొనలేదు.

ఈ పొరపాటు మేమును చేసితిమి. కొన్ని ఏండ్ల క్రిందట గులాబీల మొదళ్ళలో ఆముదపు పిండి, అనగా గింజలనుండి నూనె తీయగా మిగిలిన చెక్క, ఎరువుగా వేసితిమి. ఆముదము మన ప్రాంతపు పాతపంటయే. దాని వలన కీడు కలుగునని తోచలేదు. రాత్రి మా కుక్క ఆ మట్టి త్రవ్వి పిండి తిన్నది. మరునాడు వాంతులు మొదలైనవి. ఎండదెబ్బ అనుకొని మజ్జిగ పట్టి ఒక పూట పోగొట్టితిమి. నెత్తురు విరేచనములు చూచి పశువైద్యుని కడకు కొనిపోవునప్పటికి ఆలస్యమైనది. మూడవనాడు అది కన్నుమూసినది.

ఆముదపు గింజలోని రిసిన్ అను విషము నూనెలోనికి దిగదు, పిండిలోనే నిలిచిపోవును. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. తిన్న కొన్ని గంటలకు గాని, ఒక్కొక్కప్పుడు మరునాటికి గాని లక్షణములు పొడచూపవు. కనుక తిన్నదను అనుమానము కలిగిన క్షణముననే వైద్యుని కడకు పోవలెను. కుక్క ఉన్న ఇంట ఆ పిండి వేయకుండుటయే మేలు. బాగుగా చివికిన పశువుల ఎరువు చాలును.

తీయవలసినవి వేరే కలవు. పల్లేరు కాయలు ఎండి కుక్క పాదములలో గ్రుచ్చుకొనును. కాయలు పండకముందే వేరుతో తీయుడు. 1950ల నడుమ పుణెలో కనబడి దేశమంతట ప్రాకిన వయ్యారిభామను పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసికొని పెరుకుడు. అది మనుష్యులకు దురదను ఉబ్బసమును, పశువులకు చర్మవ్యాధిని తెచ్చును. ఉమ్మెత్తను ఉంచరాదు.

మఱియొక మాట. మన ఇండ్ల ముంగిళ్ళలో తాండూరు నాపరాళ్ళు పరచుకొనుట వాడుక. చైత్రపు మధ్యాహ్నమున ఆ బండలు కుక్క పాదములను కాల్చును. కొంత మేర పరువక విడిచి గరికను పెరుగనిండు. కానుగ నీడ ఉన్నచో ఇంకను మంచిది. ఆ నీడలో ఒక మట్టితొట్టిలో నీరు పోసి ఉంచుడు.

పచ్చికలో ఒక మూల మాత్రము త్రవ్వక, మందు చల్లక విడువుడు. నేడు అది వట్టి ఎండుగడ్డివలె కనబడును. తొలకరి పడిన పిదప చూడుడు. మా పెరటిలో మేము విడిచిన మూల, ఆ కుక్క పరుండుచుండిన చోటు. ఏటేట అచ్చట గునుగు పూచుచున్నది.