జాగ్రత్త కూడా రసాయన పాఠమే

రసాయన శాస్త్రంలోకి కొత్తగా అడుగుపెట్టే పిల్లలకు మనం రెండు విషయాలను రెండు చోట్ల చెబుతున్నాం. పరమాణు నిర్మాణాన్ని నల్లబల్ల మీద, ప్రయోగశాల జాగ్రత్తలను గోడకు తగిలించిన అట్ట మీద. మొదటిదానికి మార్కులున్నాయి కాబట్టి బట్టీ పడతారు, రెండోదానికి లేవు కాబట్టి అటు చూడనే చూడరు. ఈ రెండూ ఒకే పాఠమనీ, విడదీసినందువల్ల రెండింటికీ నష్టం జరుగుతోందనీ నా వాదన.

సోడియం పరమాణు సంఖ్య 11, ఎలక్ట్రాన్ విన్యాసం 2, 8, 1 అని పదో తరగతి విద్యార్థి తడుముకోకుండా చెబుతాడు. ఆ చివరి ఒక్క ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరంగా, లోపలి పది ఎలక్ట్రాన్ల చాటున ఉండటం వల్ల తేలిగ్గా ఊడిపోతుంది. సోడియాన్ని కిరోసిన్‌లో దాచేది గాలిలోని తేమ, ఆక్సిజన్ దాని జోలికి రాకుండా ఉండటానికే. బియ్యపుగింజంత ముక్కను నీళ్లలో వేస్తే అది తేలుతుంది, పుట్టిన వేడికి తానే కరిగి గుండ్రటి బొట్టయి, బుసబుసమంటూ నీటి మీద పరుగులు తీస్తుంది. ముక్క పెద్దదైతే వెలువడిన హైడ్రోజన్ అంటుకుని పేలిపోవచ్చు. మిగిలేది సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం, కంట్లో పడితే చూపుకే ముప్పు. పొటాషియంలో చివరి ఎలక్ట్రాన్ ఇంకో కక్ష్య అవతల ఉంటుంది, అందుకే అది నీటిని తాకగానే మండుతుంది. మనం రోజూ తినే ఉప్పులోనూ సోడియమే ఉంది కదా! అక్కడ ఆ ఎలక్ట్రాన్ ముందే క్లోరిన్ పరమైపోయింది. ప్రమాదం మూలకం పేరులో లేదు, ఎలక్ట్రాన్ల అమరికలో ఉంది.

ఇంటర్మీడియట్ లవణ విశ్లేషణలో నైట్రేట్ కోసం చేసే వలయ పరీక్షను చూడండి. పరీక్షనాళికను వంచి, గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మెల్లగా జారవిడిస్తే అది ద్రావణం కిందికి చేరుతుంది, రెండు పొరలూ కలిసేచోట గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. ఆమ్లం సాంద్రత సుమారు 1.84 కాబట్టే ఆ వలయం. ఆమ్లంలో నీళ్లు పోయవద్దనే నియమానికీ అదే కారణం: తేలికైన నీరు పైనే నిలిచి, కలిసేచోట పుట్టిన వేడికి మరిగి, ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. వలయానికి మార్కులు వేసే మనం ఈ రెండో ప్రశ్న అడగం.

కారణాలు తర్వాత, ముందు చెప్పినట్టు చేయాలి అని అనుభవజ్ఞులు అంటారు. అందులో నిజముంది. కళ్లద్దాలు పెట్టుకోవడానికి ఎవరూ ఎలక్ట్రాన్ విన్యాసం అర్థమయ్యేదాకా ఆగనక్కర్లేదు. కానీ విధేయత ఒక్కటే చాలదు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో విషలోహాలపై పరిశోధించిన కారెన్ వెటర్‌హాన్ 1996 ఆగస్టులో చేతితొడుగు వేసుకుని, పొగగూటి కిందే పనిచేస్తుండగా డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు కొన్ని ఆ తొడుగు మీద పడ్డాయి. 1997 జూన్‌లో ఆమె మరణించారు. ఆ పదార్థం లేటెక్స్ తొడుగును క్షణాల్లో దాటిపోతుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. ఆమె ఏ నియమమూ మీరలేదు, ఆ నియమమే ఆ అణువుకు సరిపోలేదు. తొడుగు వేసుకోమన్న మాటతో ఆగకుండా, ఏ పదార్థానికి ఏ తొడుగు అని అడగడం బడిలోనే అలవాటు కావాలి.

ప్రయోగశాలే లేని బళ్లలో ఇదంతా ఎందుకని మరో ఆక్షేపణ. అక్కడే ఎక్కువ అవసరం. ఆ పిల్లలు ఇంట్లో బ్లీచింగ్ పౌడరునూ మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌నూ ముట్టుకుంటూనే ఉన్నారు. ఆ రెండూ కలిస్తే వెలువడేది క్లోరిన్ వాయువు. దీనికి వేరే పీరియడ్ అక్కర్లేదు, క్లోరిన్ విన్యాసం 2, 8, 7 రాసినప్పుడు రెండు నిమిషాలు చాలు. ఉపాధ్యాయులు ఆ రెండు నిమిషాలు కేటాయించాలనీ, ప్రశ్నపత్రం తయారుచేసేవారు సోడియాన్ని కిరోసిన్‌లో ఎందుకు ఉంచుతారో దాని ఎలక్ట్రాన్ విన్యాసంతో వివరించమని అడగాలనీ నా విన్నపం.