అమ్మకు కూడా సారె పెడదాం



ఈ రోజు మాట అమ్మ గురించి. అమ్మ గురించి తెలియనిది ఏముంది అంటారా? నిజమే. అమ్మ అందరికీ తెలుసు. కానీ ఒక లెక్క మాత్రం చాలామంది వేసి చూడలేదు. అమ్మ బిడ్డకు ఎన్నిసార్లు పెట్టింది? బిడ్డ అమ్మకు ఎన్నిసార్లు పెట్టింది? ఆ లెక్క ఇప్పుడు చూద్దాం.

అమ్మ పెట్టేది

కర్నూలు, కడప దిక్కు ఏ పల్లెకైనా పోండి. పెళ్లయిన ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు అమ్మ సారె పెడుతుంది. అరిసెలు, కజ్జికాయలు, లడ్లు చేసి గంపకెత్తుతుంది. బిడ్డకు ఒడి నింపుతుంది. బియ్యం, పసుపు కొమ్ములు, ఎండు కొబ్బరి, రవిక గుడ్డ ఆ ఒడిలో పెడుతుంది.

బిడ్డ నెల తప్పితే అమ్మకు కునుకు పట్టదు. ఏడో నెలలో శ్రీమంతం చేస్తుంది. చేతుల నిండా గాజులు తొడిగిస్తుంది. తొలికాన్పుకు పుట్టింటికి తెచ్చుకుంటుంది. బాలింతకు మిరియాల చారు, వెల్లుల్లి కారం చేసి పెడుతుంది. పుట్టిన పాపకు తన పాత చీరలు మడిచి బొంత కుడుతుంది.

అంతటితో అయిపోతుందా? లేదు. ఆదోని, కోసిగి వైపు నుంచి ఎంతోమంది ఆలుమగలు మిరప కోతలకు గుంటూరు దిక్కు వలస పోతారు. అప్పుడు పిల్లలను ఎవరు చూస్తారు? అవ్వ చూస్తుంది. అంటే మళ్లీ అమ్మే. కన్నబిడ్డలను పెంచింది. ఆ బిడ్డల బిడ్డలనూ పెంచుతోంది.

వాన రాని ఏడాది కూడా ఉంటుంది. చేనులో పెట్టిన విత్తనం చేనులోనే ఎండిపోతుంది. అయినా సారె ఆగదు. అప్పు చేసి అయినా అమ్మ పెడుతుంది.

దేవుళ్లకూ పుట్టిల్లు ఉంది

పుట్టింటి బంధం మన సీమలో ఎంత గట్టిదో చూడండి. దేవుళ్లకు కూడా ఆ బంధం కట్టారు మన జనం.

కడప పక్కన దేవుని కడప ఉంది. అక్కడ వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. ఉగాది నాడు ఆ గుడికి ముస్లింలు వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని వాళ్ల నమ్మకం. ఆ బిడ్డను చేసుకున్న స్వామి తమకు అల్లుడు. అందుకే పండగ పూట టెంకాయ, పూలు పట్టుకుని వస్తారు. అల్లుడి ఇంటికి వచ్చినట్లు వస్తారు.

అహోబిలం కథా అంతే. అది ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడి నరసింహస్వామి చెంచులకు అల్లుడు. చెంచులక్ష్మి వాళ్ల బిడ్డ. ప్రతి ఏడూ కనుమ నాడు స్వామి పల్లకి బయలుదేరుతుంది. దీన్ని పారువేట అంటారు. 40 రోజులకు పైగా ఊరూరా తిరిగి తన పెళ్లికి రమ్మని స్వామి జనాన్ని పిలుస్తాడని చెబుతారు.

కులం వేరైనా, మతం వేరైనా, బిడ్డ బిడ్డే. పుట్టిల్లు పుట్టిల్లే. ఈ మాట మన పెద్దలు బాగా చెప్పారు. కానీ ఈ ఆచారాలన్నీ బిడ్డకు పెట్టేవే. పెట్టిన అమ్మకు తిరిగి పెట్టే ఆచారం ఏది?

పోయాక పెడితే తింటుందా?

ఒకటి ఉంది. భాద్రపద మాసంలో పెద్దల పండగ వస్తుంది. మహాలయ అమావాస్య నాడు చాలా ఇళ్లలో పోయినవాళ్లకు కొత్త బట్టలు పెడతారు. వాళ్లకు ఇష్టమైనవి వండుతారు. ముత్తైదువగా పోయిన అమ్మకు అవిధవ నవమి అని ఒక రోజే ఉంది.

పోయినవాళ్లను తలచుకోవడం మంచిదే. కానీ ఆలోచించండి. పటం ముందు పెట్టిన ఓళిగ అమ్మ తింటుందా? బతికి ఉన్నప్పుడు ఆమె ఏం తినింది? అందరూ తిన్నాక, అడుగున మిగిలిన సంగటి తినింది. కూర అయిపోతే ఊరిబిండి వేసుకుని తినింది. అదీ లేకపోతే మజ్జిగ పోసుకుంది. "నాకు ఆకలి లేదు లే" అని ఎన్నిసార్లు అనింది? ఆ మాట నిజమని నమ్మిన వాళ్లం మన ఇళ్లలో ఎంతమంది లేరు!

కన్నతల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి కోక పెడతాడా అని సామెత. 2007లో దేశంలో ఒక చట్టం కూడా వచ్చింది. ముసలి తల్లిదండ్రులను బిడ్డలు పోషించాలి అని ఆ చట్టం చెబుతుంది. కొడుకులకే కాదు, కూతుళ్లకూ ఆ బాధ్యత ఉంది. చట్టం కూడు పెట్టించగలదు. ప్రేమగా పెట్టించలేదు. అది ఇంట్లో వాళ్లు చేయాల్సిన పని.

భర్త పోయిన అమ్మ

ఇంకో మాట ఉంది. చెప్పడానికి కష్టంగా ఉంటుంది. అయినా చెప్పుకోవాలి.

భర్త పోయిన అమ్మను పేరంటానికి పిలవరు. బిడ్డ శ్రీమంతం జరుగుతుంటే ఆ తల్లి వంటింటి గోడ చాటున నిలబడి చూస్తుంది. పది ఊళ్ల వాళ్లు వచ్చి అక్షింతలు వేస్తారు. కన్నతల్లి మాత్రం ముందుకు రాదు. ఎవరైనా చూస్తారేమోనని భయం. తన చేయి తగిలితే బిడ్డకు కీడు జరుగుతుందేమోనని ఇంకా భయం.

తొమ్మిది నెలలు మోసింది ఎవరు? ఆ చేయే కదా పాలు పట్టింది? ఆ చేయే కదా జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది? భర్త చావుకూ ఆ చేతికీ ఏమిటి సంబంధం? అమ్మ చేయి బిడ్డకు ఏనాడూ కీడు కాదు.

ఈ ఆచారాన్ని ఊరంతా ఒక్కనాడే మార్చలేరు. కానీ ఒక్క ఇల్లు మార్చగలదు. శ్రీమంతం నాడు ఆ బిడ్డే లేచి, "మొదటి గాజు మా అమ్మే తొడగాలి" అంటే చాలు. నలుగురు గొణుగుతారు. గొణగనీయండి. తర్వాత ఇంకో ఇంట్లో ఇంకో బిడ్డ ఆ మాట అంటుంది.

దూర దేశంలో ఒక కూతురు

అమ్మకు పెట్టాలి అనే ఆలోచన మన దగ్గరే కాదు, దూర దేశంలోనూ ఒక కూతురికి వచ్చింది.

అమెరికాలో ఆన్ రీవ్స్ జార్విస్ అని ఒక తల్లి ఉండేది. ఆ కాలంలో అక్కడ కూడా పసిపిల్లలు జబ్బులతో చనిపోయేవాళ్లు. ఆమె బిడ్డలు కూడా చాలామంది అలాగే పోయారు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. చుట్టుపక్కల తల్లులతో సంఘాలు పెట్టింది. శుభ్రంగా ఉండడం ఎలాగో, పిల్లలకు జబ్బులు రాకుండా చూసుకోవడం ఎలాగో నేర్పించింది.

ఆమె 1905లో చనిపోయింది. ఆమె కూతురు పేరు అనా జార్విస్. అమ్మలందరికీ ఒక రోజు ఉండాలి అని ఆ కూతురు పట్టుబట్టింది. ఊరూరికీ ఉత్తరాలు రాసింది. 1908 మే 10న గ్రాఫ్టన్ అనే ఊరిలో మొదటిసారి తల్లుల రోజు జరిగింది. 1914లో అమెరికా ప్రభుత్వం మే నెల రెండో ఆదివారాన్ని తల్లుల రోజుగా ప్రకటించింది. మన పట్నాల్లో కూడా ఇప్పుడు ఆ రోజు జరుపుతున్నారు.

తర్వాత ఏం జరిగింది? అంగళ్ల వాళ్లకు అది వ్యాపారం అయింది. అచ్చు వేసిన కార్డులు, పూలు, మిఠాయిలు బాగా అమ్ముడుపోయాయి. అనాకు కోపం వచ్చింది. కొన్న కార్డు పంపడం కాదు, అమ్మకు సొంత చేతితో ఉత్తరం రాయండి అని చెప్పింది. తాను తెచ్చిన పండగ మీద తానే పోరాడింది. 1948లో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉంది.

ఆమె అడిగింది గుర్తు పెట్టుకోండి. సొంత చేతితో రాసిన ఉత్తరం. చదువు నేర్చిన ఆడవాళ్లకు ఇప్పుడు అది చేతిలో పని.

మూడు కానుకలు

అమ్మకు సారె అంటే డబ్బు ఖర్చు కాదు. అప్పు అసలే వద్దు. ఇంట్లో చేసుకోగల మూడు కానుకలు ఇవి.

మొదటిది ఉండలు. వేరుశనగను కడప వైపు చెనక్కాయలంటారు. కర్నూలు వైపు బుడ్డలంటారు. పేరు ఏదైనా బలం ఒకటే. రెండు గిన్నెల గింజలు దోరగా వేయించండి. పొట్టు తీసి రోట్లో దంచండి. ఒక గిన్నె బెల్లం వేసి మళ్లీ దంచండి. ఉండలు చుట్టండి. నువ్వులతో కూడా ఇలాగే చేయవచ్చు. డబ్బాలో పోసి అమ్మ చేతికే ఇవ్వండి. "ఇవి పిల్లలకు కాదు, నీకే" అని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే మనవళ్లకు పంచేస్తుంది. అమ్మకు షుగరు ఉంటే బెల్లం వద్దు. వేయించిన గింజలే ఇవ్వండి.

అమ్మకు అలుపు, ఆయాసం ఉన్నాయా? కళ్లు తిరుగుతున్నాయా? అయితే రక్తం తక్కువగా ఉండవచ్చు. 2019-21లో ప్రభుత్వం కుటుంబ ఆరోగ్య సర్వే చేయించింది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లు 100 మందిలో దాదాపు 59 మందికి రక్తం తక్కువని తేలింది. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయి రక్తం పరీక్ష చేయించండి. ఇనుము మాత్రలు ఇస్తే తప్పకుండా మింగించండి. ఆకుకూర, పప్పు పెట్టి పైన నిమ్మకాయ పిండండి. అన్నం తిన్న వెంటనే టీ తాగనీయకండి. టీ వల్ల తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

రెండోది బొంత. అమ్మ అందరికీ బొంత కుట్టింది. ఆమెకు ఎవరు కుట్టారు? నాలుగైదు పాత నూలు చీరలు తీసుకోండి. ఉతికి ఎండలో ఆరబెట్టండి. చినిగిన ముక్కలను లోపల పరచండి. గట్టి చీరలను కిందా పైనా వేయండి. ముడతలు లేకుండా లాగి, అంచుల నుంచి కుట్టుకుంటూ లోపలికి రండి. వేలెడు ఎడంతో వరసలు వేయండి. అక్కచెల్లెళ్లు, వదినలు కలిసి కూర్చుంటే పని తేలిక. పైన అమ్మ పెళ్లినాటి చీర ముక్క ఒకటి వేస్తే ఆమె చూసి గుర్తు పడుతుంది.

మూడోది జాబు. "ఇప్పుడు ఫోన్లు ఉన్నాయి కదా, జాబు ఎందుకు?" అంటారేమో. ఫోనులో మాట వినిపించి పోతుంది. జాబు పెట్టెలో ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూసుకోవచ్చు. పెద్ద మాటలు వద్దు. ఇలా రాస్తే చాలు.

"అమ్మా, నేను బాగున్నాను. ఇది నేనే రాశాను. ఎవరితోనూ రాయించలేదు. కరువు ఏడాది నువ్వు పస్తు ఉండి మాకు గంజి పోశావు. నేను మరచిపోలేదు. మాత్రలు వేసుకో. పండగకు వస్తాను. నువ్వు పొయ్యి దగ్గరికి పోవద్దు. నేనే వండుతాను."

అమ్మకు చదువు రాదా? మనవరాలు చదివి వినిపిస్తుంది. లేదా ఆ జాబుతోనే అమ్మకు అక్షరాలు నేర్పండి. మొదట ఆమె పేరు నేర్పండి. "ఫలానా వాళ్ల అమ్మ", "ఫలానా వాళ్ల కోడలు" అని పిలిపించుకుని ఆమె తన పేరు వినే ఎన్నేళ్లయిందో!

ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకోండి. అమ్మ పక్కన కూర్చుని అడిగి రాయండి. ఆమె అమ్మ పేరేమి? ఏ కరువు ఏడు ఆమెకు బాగా గుర్తుంది? గొబ్బి పాటలు, తిరగలి పాటలు ఏవి వచ్చు? ఊరిబిండిలో చింతపండు ఎంత వేస్తుంది? ఇవి ఏ బడి పుస్తకంలోనూ దొరకవు. అమ్మ పోతే అవీ పోతాయి.

ఎప్పుడు పెట్టాలి?

సంక్రాంతికి పెట్టండి. ఉగాదికి పెట్టండి. మే నెల రెండో ఆదివారమైనా సరే. రోజు ఏదైనా ఆ పూట అమ్మను కూర్చోబెట్టండి. నీళ్లు కొడుకు తేవాలి. కసువు మనవడు ఊడ్చాలి. మగపిల్లలు కూడా ఈ పని నేర్చుకోవాలి. విస్తరి మొదట అమ్మకు వేయండి. వేడి వేడి ఓళిగ నెయ్యి వేసి పెట్టండి. ఆమె తిన్నాకే మిగతావాళ్లు తినండి.

అత్తమ్మను మరచిపోకండి. ఆమె కూడా ఒకరికి అమ్మే. బిడ్డలు లేని చిన్నమ్మ, పెద్దమ్మ ఉంటే వాళ్లనూ పిలవండి. భర్త పోయిన అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టండి.

మొదటిసారి అమ్మ ఒప్పుకోదు. "నాకెందుకే ఇవన్నీ" అంటుంది. లేచి గిన్నెలు కడగబోతుంది. చేయి పట్టి కూర్చోబెట్టండి. తినేది అలవాటు లేక కాదు, పెట్టించుకునేది అలవాటు లేక అలా అంటుంది. రెండో ఏడాదికి కొంచెం అలవాటు అవుతుంది. మూడో ఏడాదికి ఆమే అడుగుతుంది, "ఈసారి ఎప్పుడే?" అని.

ఈ వారం పొదుపు సంఘంలో కూర్చున్నప్పుడు ఈ మాట కదిలించండి. ఎవరి అమ్మ ఎక్కడుంది, ఎలా ఉంది అని ఒకరినొకరు అడగండి. ఇంటికి పోయి ఒక కాగితం తీసుకోండి. పైన "అమ్మా" అని రాయండి. మిగతాది చేతికి దానంతటదే వస్తుంది.