ఎండను విడిచిన నాచు

నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింద వరి పండించే మిర్యాలగూడ, కోదాడ రైతులకుగాని, సూర్యాపేట ప్రాంతపు పాడిరైతులకుగాని నాచును పరిచయం చేయనక్కరలేదు. మడిలోను, చెరువుగట్టునను, పశువుల తొట్టి అంచునను అది కనబడుచునే యుండును. పత్రహరితం బలంతో ఎండను పట్టి, తన ఆహారమును తానే సిద్ధపరచుకొనుట దాని స్వభావము. కాని ఆ వంశముననే పచ్చదనమును పోగొట్టుకొని, పరుల ఆహారముపై ఆధారపడిన శాఖ యొకటి కలదు.

అందులో ప్రోటోథీకా ఒకటి. క్రూగర్ అను శాస్త్రజ్ఞుడు 1894లో దానికి ఆ పేరు పెట్టినాడు. వర్ణములేని ఈ ఏకకణజీవి తడిమట్టిలోను, పేడలోను, మురుగునీటిలోను పెరుగును. పాడిపశువు పొదుగున ప్రవేశించిన పొదుగువాపు కలిగించును. మానవులకు సోకినట్లు తొలిసారి 1964లో ప్రకటితమైనది. ఆ రోగి సియెర్రాలియోన్ దేశపు వరిరైతు, పుండు పాదముననే. దీని బంధువైన హెలికోస్పోరిడియం పురుగుల దేహములలో నివసించును. 1921లో కెయిలిన్ దానిని వర్ణించినాడు. అది నాచు సంతతియని తేలుటకు సుమారు ఎనుబది యేండ్లు పట్టినది.

నాచుకణములో ఎండతో వంటచేయు హరితకణిక ఒకటి, ఆహారమును ప్రాణవాయువుతో దహించి శక్తినిచ్చు మైటోకాండ్రియా మరియొకటి. రెంటికిని సొంత జన్యులిపి ఉన్నది. పచ్చని క్లోరెల్లా హరితకణికలో ఆ లిపి సుమారు 1,50,000 అక్షరముల జంటలు. హెలికోస్పోరిడియంలో 37,000 మాత్రమే మిగిలినవి. వంట మానినవాడు వంటపాత్రలను వదలుకొన్నట్లే! మైటోకాండ్రియా సంగతి వేరు. 1994లో చదివిన ప్రోటోథీకా లిపి 55,328 జంటలు; 2010లో వెలువడిన హెలికోస్పోరిడియం లిపి సుమారు 49,000. ఆహారము ఎరవుదైనను దానిని దహించు కొలిమి తనదే కావలెను. కనుకనే కొలిమి నిలిచినది.

ఈ విషయము పశువులశాలకును పనికివచ్చును. బాక్టీరియాలపై పనిచేయు యాంటీబయాటిక్ మందులు ఈ నాచును లొంగదీయలేవు. మందులకు తగ్గని పొదుగువాపు కనబడినచో పశువైద్యునిచే పాలను పరీక్ష చేయించవలెను. ప్రోటోథీకా జాతులను గుర్తించుటకు 2018నుండి మైటోకాండ్రియాలోని ఒక జన్యువే ఆనవాలుగా ఉపయోగపడుచున్నది. రోగము తేలిన గేదెను మందనుండి వేరుచేసి, చివరగా పాలు పితికి, చేతులు శుభ్రముగా కడుగుకొనవలెను. ఆ పాలను వాడకకు ఇవ్వరాదు. కొట్టమును పొడిగా ఉంచుటయే అన్నిటికన్న మేలైన రక్షణ.