మంచం పట్టినవారికి పుండ్లు పడకుండా

మీ ఇంట్లో పక్షవాతంతోనో, తుంటి ఎముక విరిగో మంచం పట్టినవారు ఉన్నారా? ఈ నాలుగు మాటలు మీ కోసమే.

కదలకుండా ఒకేవైపు పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగిపోతుంది. అక్కడికి రక్తం అందదు. పుండు పడుతుంది. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చండి. రాత్రి కూడా మార్చాలి. కష్టమే, నిద్ర ఉండదు. ఇంట్లో అందరూ వంతులు వేసుకోండి. ఒక్క కోడలి మీదే వదిలేయడం న్యాయం కాదు. మనిషిని ఈడ్చకండి, దుప్పటితో ఎత్తి జరపండి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టండి.

నడుము కింద, తుంట్ల దగ్గర, మడమల మీద రోజూ చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కండి. నొక్కినా ఎరుపు పోలేదా? పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు, వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడండి. అక్కడ మాత్రం రుద్దకండి, లోపల ఇంకా దెబ్బతింటుంది.

పుండు పడితే పసుపు, పౌడరు అద్దకండి. సెలైన్‌తో కడిగి, డాక్టరు చెప్పిన కట్టు కట్టండి. పుండు మానడానికి పప్పు, గుడ్డు, పెరుగు తినిపించండి. పుండు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పక్క మార్చడం మాత్రం అప్పుడూ ఆపకండి.